ఆటోమేటిక్ వాచ్ రెండ్రోజులకే ఆగిపోతోందా? వైండర్ కొనే ముందు ఇది తెలుసుకోండి!

బీరువాలోంచి నాన్నగారి పాత హెచ్‌ఎంటీ కాంచన్ తీశారు. చేతికి పెట్టుకోగానే టిక్‌టిక్ మంది. రెండ్రోజులు పక్కన పెడితే ఆగిపోయింది. పాడైందనుకుంటున్నారా? కాకపోవచ్చు.. ఆటోమేటిక్ వాచ్ తీరే అంత.

ఎందుకు ఆగుతుంది?

ఇందులో బ్యాటరీ ఉండదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపలి రోటర్ తిరిగి, స్ప్రింగ్‌కు కీ ఇస్తుంది. కీ నిండుగా ఉన్నా చాలా వాచ్‌లు నడిచేది దాదాపు 40 గంటలే.

వాచ్ వైండర్ అంటే?

చిన్న మోటార్ ఉన్న పెట్టె. వాచ్‌ను తిప్పుతూ చేతి కదలిక లోటు తీరుస్తుంది. చాలా వాచ్‌లకు రోజుకు 650 నుంచి 900 చుట్లు చాలు. ఏ వైపు తిప్పాలన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. ఎక్కువ తిరిగితే స్ప్రింగ్ తెగుతుందన్న భయం అక్కర్లేదు. కీ నిండితే స్ప్రింగ్ చివర జారిపోయే ఏర్పాటు ఉంటుంది.

అందరికీ అవసరమా?

రోజూ పెట్టుకునేవారికి అక్కర్లేదు. తేదీ, నెల, చంద్రకళలు చూపే వాచ్‌లకైతే ఉపయోగం. ఆగితే అన్నీ మళ్లీ సెట్ చేయాలి మరి!

పాత వాచ్‌తో జాగ్రత్త

ఏళ్లతరబడి ఆగిన వాచ్‌లో ఆయిల్ ఎండిపోతుంది. అలాగే వైండర్‌లో పెడితే పార్టులు అరిగిపోతాయి. బెంగళూరులో 1961లో వాచ్‌ల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీకి చెందిన వాచ్‌ల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016లో ఓకే చెప్పింది. ఒరిజినల్ పార్టులు దొరకడం కష్టమే. అందుకే జొన్నగిరిలో ఉన్నా, ఆదోనిలో ఉన్నా.. ముందు నమ్మకమైన వాచ్ మెకానిక్‌తో సర్వీసింగ్ చేయించండి. వైండర్ సంగతి ఆ తర్వాతే!