మీకు తెలుసా? లోపాలను దాచని డెబియన్

1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నాటికి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు 64 వేలు దాటాయి. వాటి బాగోగులు చూసే మెయింటెయినర్లలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే.

లోపాలను దాచబోమని, బగ్ రిపోర్టులన్నీ అందరికీ కనబడేలా ఉంచుతామని ఈ ప్రాజెక్టు 1997లోనే తన సామాజిక ఒప్పందంలో రాసుకుంది. బగ్ గురించి చెప్పడానికి ఎక్కడా ఖాతా తెరవక్కర్లేదు, ఒక ఈమెయిల్ చాలు. ప్రతి బగ్‌కూ ఒక నంబరు, ఒక తీవ్రత స్థాయి ఉంటాయి. స్థాయిలు మొత్తం ఏడు. ఏదైనా బగ్ పై మూడింటిలో పడిందంటే, మామూలుగా ఆ బగ్ తీరాలి, లేదా ఆ ప్యాకేజీ రాబోయే విడుదల నుంచి తప్పుకోవాలి. అన్నిటికన్నా కింది స్థాయిలో పడేది చాలావరకు బగ్ కానే కాదు, వాడేవాళ్ల కోరిక: ‘ఈ సౌకర్యం కూడా ఉంటే బాగుండు’ అని.

కొత్త ప్యాకేజీలు సాధారణంగా ముందు ‘సిడ్’ అనే శాఖలోకి వస్తాయి. ‘టాయ్ స్టోరీ’ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పిల్లవాడి పేరది. అక్కడ కొన్ని రోజులు కొత్తగా తీవ్రమైన బగ్‌లు బయటపడకపోతేనే ‘టెస్టింగ్’ శాఖకు చేరతాయి.

నాకు బాగా నచ్చే పద్ధతి మరొకటి ఉంది. మెయింటెయినర్‌కు తీరిక లేక ప్యాకేజీని వదులుకోవాల్సి వస్తే, ఆ సంగతిని కూడా బగ్‌గానే నమోదు చేస్తారు. దాన్ని చేపట్టదలచినవారు అదే బగ్‌లో తమ పేరు రాసుకుంటారు.