బొల్లి అంటుకోదు బిడ్డా

అంటుకోదు బిడ్డా. బొల్లి ఉన్న ఆమె పక్కన కూసో, ఆమె కలిపిన బుక్క తిను, ఏం కాదు. మన పెన్‌పహాడ్‌ల ఇంకా తెల్లమచ్చ కనపడంగనే గ్లాసు వేరే పెట్టేటోళ్లు ఉన్నరు. కుష్ఠు అనుకుంటరు మరి. కుష్ఠు మచ్చకు స్పర్శ పోతది, సూది ఆనిచ్చినా తెల్వదు. బొల్లి మీద చీమ పాకినా తెలుస్తది. ఆ కుష్ఠుకు సుత మాత్రలొచ్చి నలభై ఏండ్లు దాటింది!

చర్మానికి రంగు చేసే కణాలుంటయి, మెలనోసైట్లు. రోగాలతోని కొట్లాడాల్సిన తెల్ల రక్తకణాలు వాటి మీదనే పడ్తయి, కావలోడు ఇంటోణ్ణే దొంగనుకొని కొట్టినట్టు. చేపలు తిని పాలు తాగితే వస్తదనేది ఉత్తముచ్చట. ప్రపంచంల నూటికి ఒకరికి అటుఇటుగ ఉంటది. తెల్లతోలోళ్లకు అంతగ కనపడది. మన చామనఛాయ మీద దూరంకెల్లే కొట్టొచ్చినట్టు కనపడ్తది. అందుకే ఎండకాలంల పొడుగు చేతుల జాకెట్టు, పెద్దగట్టు జాతరకు రానని సాకులు. సంబంధాలు చూసేటప్పుడైతే చెల్లెకు సుత వంక పెడ్తరు. బొల్లి ఉన్నోళ్ల పిల్లలల్ల నూటికి తొంభై మందికి రాదని ఎవరడుగుతరు? అదే మచ్చ పిలగానికుంటే, కట్నం తగ్గుతదేమో అంతే.

మైకేల్ జాక్సన్ తెలుసు గద? తెల్లగ కావాలని తోలు మార్చుకున్నడని లోకమంత ఎక్కిరిచ్చింది. 1993ల టీవీల కూసోని, ఇది చర్మజబ్బని చెప్తే సగం మంది నమ్మలే. 2009ల పోయినంక పోస్టుమార్టంల బొల్లేనని తేలింది. ఆయన పోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ బొల్లి దినమంటున్నరు.

ఆ బొల్లి ఉన్నామెకు ఎవరో బావంచాల నూనె రాసుకొని ఎండల నిలబడుమన్నరట. బావంచాలల్ల మందు ఉన్నమాట నిజమే, డాక్టర్లు సుత ఆ సోరాలెన్ వాడిండ్రు. కొలత తప్పితే బొబ్బలొస్తయి. చర్మం గాయమైన కాడ కొత్త మచ్చ లేస్తది, గీరుకున్నా అంతే. ఇప్పుడు లైటు కింద నిలబెట్టే వైద్యముంది, వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి. రంగు వెంట్రుకల కుదుళ్లకెల్లి చుక్కలు చుక్కలుగ తిరిగొస్తది. మొహం మీద జల్ది వస్తది. వేళ్ల కొసలకు, పెదవులకు వెంట్రుకలుండయి గద, అవి మొండియి.

సూర్యాపేటల 2019ల మెడికల్ కాలేజీ పడ్డది. ఆ పెద్దాసుపత్రిల చర్మం డాక్టరుకు చూపియ్యాలె. మచ్చల సంగతితోపాటు నిద్ర పడ్తలేదని సుత చెప్పుమను. ఒక్కతే పోనంటున్నదట, నువ్వు తోడు పో.