గ్లాసు నీళ్లు పట్టుకోలేని కల్తీ

ధర్మసాగర్ మండలంలో దేవునూరు, ముప్పారం వైపు వెళితే ఇనుపరాతి గుట్టల అడవి మొదలవుతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో జ్వరానికో షుగరుకో తిప్పతీగ కాడ తెంపి కషాయం కాచుకోవడం పాత అలవాటు. కరోనా రోజుల్లో ఆ అలవాటు దేశమంతా పాకింది. ఒక మూలికను ఇంట్లోనే ఎంతవరకు పరీక్షించుకోగలం అన్న ప్రశ్నకు తిప్పతీగ కథ చాలావరకు జవాబు చెబుతుంది.

2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ఒక వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. వాళ్లు తాగింది అసలు తిప్పతీగ, అంటే టినోస్పోరా కార్డిఫోలియా కాకపోవచ్చనీ, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అయి ఉండవచ్చనీ వాదించింది. ఆ తరువాత రెండింటి తేడాలను ప్రజలకు వివరించింది. అసలు తీగ కాడ పచ్చగా ఉంటుంది, బుడిపెలు ఉండవు, తెంపితే పాలు కారవు. పువ్వుకు ఆరు రేకులు, కాయ గుండ్రంగా ఎర్రగా పండుతుంది. క్రిస్పా కాడ బూడిదరంగులో బుడిపెలతో ఉంటుంది, తెంపితే పాలలాంటి ద్రవం వస్తుంది. పువ్వుకు మూడే రేకులు, కాయ కోలగా నారింజ రంగులో ఉంటుంది. ముదురు కాడను అడ్డంగా కోస్తే బండిచక్రపు ఆకుల్లా గీతలు కనిపిస్తాయని మన పెద్దలు చెప్పే గుర్తు నిజమే. కానీ అది తిప్పతీగ దగ్గరి బంధువుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎండబెట్టి పొడి చేశాక ఈ గుర్తులేవీ మిగలవు. అందుకే మూలికను పొడిగా కాకుండా కాడగా, వేరుగా, ఆకుగా కొనాలని నేను గట్టిగా చెబుతాను. ఇంట్లో చేయగల పరీక్షల్లో ఇంతకు మించినది లేదు.

అయితే మొక్కను సరిగ్గా గుర్తుపట్టినంత మాత్రాన భద్రత దొరికినట్టు కాదు. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి ఇలాంటి 43 మంది రోగుల వివరాలు ప్రచురించారు. చాలామందిలో సొంత రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద దాడి చేస్తున్న లక్షణాలు కనిపించాయి. అంతకుముందే కాలేయ జబ్బు ఉన్నవారికి అది ముదిరింది. సగం మందిలో వాడడం మొదలుపెట్టిన 46 రోజుల లోపే లక్షణాలు బయటపడ్డాయి. రోగనిరోధక శక్తిని పెంచుతుందని తాగే మందు, ఆ వ్యవస్థ ముందే అదుపు తప్పినవారికి కీడు చేయగలదని ఆ వైద్యుల హెచ్చరిక. థైరాయిడ్, కీళ్లవాతం వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉన్నవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మొక్కల వల్ల జరిగే కీడు తిప్పతీగతో ఆగదు. 2016లో మన పొరుగున ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పదుల సంఖ్యలో పిల్లలు మెదడు దెబ్బతిని చనిపోయారు. నిపుణులు కసివింద గింజల్లోని ఆంత్రాక్వినోన్లు అనే విషపదార్థాలను వేలెత్తి చూపారు. కసివింద మన బాటల పక్కనా మొలుస్తుంది. దాని ఆకుల కొస మొనదేలి ఉంటుంది. దాన్ని పోలిన తగిరిసకు కొస గుండ్రటి ఆకులు మూడు జతలు, సన్నని పొడుగు కాయలు. వానకాలంలో పిల్లలను వెంటబెట్టుకుని ఈ తేడా చూపించాలి.

ఇక పసుపు. వరంగల్ ప్రాంతంలో పండే పంట, ప్రతి ఇంట్లో మొదటి మందు. గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచితే మంచి పసుపు అడుగుకు దిగి నీళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి. వెంటనే చిక్కటి రంగు పాకితే కృత్రిమ రంగు కలిపారని అనుమానించాలి. కొమ్ములకు మెరుగు కోసం పూసే సీసపు క్రోమేట్ సంగతి వేరు. అది నీళ్లలో కరగదు. కొమ్ము మీద పూతగా ఉంటే నీళ్లలో రాలి పట్టుబడవచ్చు, పొడిలో కొద్దిగా కలిసిపోతే మాత్రం కంటికి దొరకదు. మన ఆయుర్వేద మందుల్లో సీసానికి అనుమతించిన హద్దు కిలోకు 10 మిల్లీగ్రాములు. అంత తక్కువను ప్రయోగశాల యంత్రమే కొలవగలదు. బంగ్లాదేశ్‌లో 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. ప్రభుత్వం యంత్రాలతో మార్కెట్లలోనే పరీక్షించి, తప్పు చేసినవారికి జరిమానా వేశాక 2021 నాటికి అది సున్నాకు వచ్చింది. ఇంటి చిట్కాలతో ఆ మార్పు వచ్చేది కాదు.

తేనె పరీక్షలను నేను నమ్మను. నీళ్లలో చుక్క వేయడం, వత్తి ముంచి వెలిగించడం నేటి చక్కెర పాకాలను పట్టుకోలేవు. 2020లో ఢిల్లీకి చెందిన సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో పరీక్షింపజేస్తే అక్కడ నెగ్గినవి మూడే.

కొన్న మందు డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, దినుసుల పేర్లు లేకపోతే ఆ డబ్బాను ఇంటికి తేవద్దు. కీళ్లనొప్పుల పొడి వేసుకున్న రెండో రోజుకే నొప్పి మాయమైతే సంతోషించకండి. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. కొన్నాళ్లకు ముఖం ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి. అలాంటి మందు నెలల తరబడి వాడి ఉంటే హఠాత్తుగా మానడమూ ప్రమాదమే కనుక డాక్టరు దగ్గరే తగ్గించుకోవాలి.

మూలిక వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, తిండి సహించక వాంతులైనా ఆ రోజే ఆపేయండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి కాలేయ పరీక్ష కోసం రక్తం ఇవ్వండి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ఇది ఉచితమే. మిగిలిన పొడి, దాని కవరు, కాడ ముక్క ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి. ఏం తాగారో దాచకుండా చెప్పండి.