పులిపిరికి టీకా సూది

తిరువళ్లూరు వైద్య వీరరాఘవస్వామి గుడి కోనేరు పేరు హృత్తాపనాశిని. అమావాస్యకు వచ్చే జనం అందులో బెల్లం వేస్తారు. నీళ్లలో బెల్లం కరిగినట్టు ఒంటిమీది పులిపిర్లు, గడ్డలు కరిగిపోవాలని మొక్కు. అక్కణ్ణుంచి తిరుత్తణి దాకా (1960 వరకూ తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే) ఏ ఊళ్లో అడిగినా, మొక్కుకున్నాక పోయాయనేవాళ్లు దొరుకుతారు. వాళ్లు అబద్ధమాడడం లేదు. పిల్లల్లో అయితే, ఏ మందూ వేయకపోయినా మూడింట రెండొంతుల పులిపిర్లు రెండేళ్లలో వాటంతటవే పోతాయి.

అలా పోగొట్టేది ఒంట్లోని రోగనిరోధక శక్తి. మరి అన్నాళ్లు ఎందుకు ఊరుకుంది?

పులిపిరికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చేతుల మీద గరుకు బుడిపెలు లేపేవి 2, 27, 57 లాంటివి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో ముడిపడ్డ 16, 18 వేరు. చిన్న గీత పడ్డచోట ఈ వైరస్ చర్మం పైపొర అడుగుకు చేరుతుంది. అక్కణ్ణుంచి రక్తంలోకి దిగదు, తానున్న కణాన్ని చంపదు. ఆ కణం మెల్లగా పైకి జరిగి పొట్టుగా రాలేవేళకు దానిలోనే పెరిగి, ఆ పొట్టుతోనే బయటపడుతుంది. వాపు లేదు, చీము లేదు, జ్వరం లేదు. కాపలా కణాలకు కబురే అందదు.

సున్నం, సోడా కలిపి పెట్టినా, జిల్లేడు పాలు పూసినా, ఆస్పత్రిలో ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించినా, కరెంటుతో కాల్చినా జరిగేది ఒకటే: కనబడే బుడిపె పోతుంది. చుట్టుపక్కల చర్మంలో వైరస్ మిగిలితే మళ్లీ మొలుస్తుంది. గోళ్ల చుట్టూ, అరికాళ్ల నిండా ఉన్నవాళ్లకు ఎన్నని కాలుస్తారు?

అందుకే చర్మవైద్యులు కొందరు దారి మార్చారు. ఉన్నవాటిలో పెద్ద పులిపిరిని ఎంచుకుని అందులోకి ఓ చుక్క టీకా మందు ఎక్కిస్తారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు పిల్లలకు వేసే ఎంఎంఆర్ కావచ్చు, బీసీజీ కావచ్చు, టీకా కాకపోయినా, క్షయ పరీక్షకు వాడే పీపీడీ కావచ్చు. ఢిల్లీలో జి.పి. తల్వార్ బృందం కుష్ఠు కోసం తయారుచేసిన ఎండబ్ల్యూ టీకానూ మన దేశంలో ఇందుకు వాడి చూశారు. రెండు మూడు వారాలకోసారి చొప్పున కొన్ని సూదులు. ఆ మందును శరీరం ఇదివరకే ఎరుగును గనక రక్షక కణాలు గుంపుగా వచ్చి పడతాయి. పాత బాకీకి వచ్చినవాడు కొత్త బాకీ కూడా రాబట్టుకుని పోయినట్టు, అక్కడే దాగిన హెచ్‌పీవీనీ అవి పట్టుకుంటాయని వివరణ. ఒకసారి గుర్తుపట్టిన కణాలు ఒళ్లంతా తిరుగుతాయి. సూది పడింది బొటనవేలి మీదైనా మోచేతి దగ్గరవి కూడా రాలిపోవడం అందుకే. నా మటుకు నాకు ఈ వైద్యంలో అన్నిటికన్నా ఆసక్తికరమైంది ఇదే. కాల్చడంతో ఇలా జరుగుతుందని ఆశించలేం.

అయితే కోనేటి చిక్కు ఇక్కడా ఉంది. వాటంతటవే పోయే జబ్బుకు మందు పనిచేసిందని ఎలా తేల్చడం? అలాగే పులిపిరిలో ఉత్త ఉప్పునీళ్ల సూది వేయించుకున్నవాళ్లతో పోల్చి చూడాలి. ఈ సూదుల మీద వచ్చిన పరిశోధనలు చాలావరకు చిన్నవి; మోతాదులు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి.

పోల్చి చూడడమంటే ఏమిటో ఈ సీమకు బాగా తెలుసు. బీసీజీ మన దేశంలో మొదలైంది 1948లో, మదనపల్లెలో. ఇరవై ఏళ్ల తర్వాత, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో భాగమైన తిరువళ్లూరు ప్రాంతపు పల్లెల్లో రెండున్నర లక్షల మందికి పైగా సూదులు వేశారు. కొందరికి బీసీజీ, కొందరికి మందు లేని ఉత్త సూది. ఎవరికి ఏది పడిందో వాళ్లకు చెప్పలేదు. పదిహేనేళ్లు గమనించారు. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేదని తేలింది. ప్రపంచమంతా నమ్మిన టీకా అది! పసిపిల్లలను మెదడుకు పాకే క్షయ నుంచి కాపాడుతుంది గనక ఇప్పటికీ వేస్తున్నారు. పులిపిరి సూదికి ఆ స్థాయి పరీక్ష ఇంకా బాకీ ఉంది.

వేయించుకోదలచినవాళ్లు ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎంఎంఆర్, బీసీజీ బతికున్న సూక్ష్మజీవుల టీకాలు. గర్భిణులకు, అవయవ మార్పిడి తర్వాత నిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు వేయరు. సూది పడ్డచోట నొప్పి, వాపు, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. ఉన్నవి ఒకటో రెండో అయితే ఇంత దూరం పోనక్కర్లేదు, సాలిసిలిక్ ఆమ్లం పూత రోజూ రాసుకుంటే చాలు. దానికి మూడు నెలల ఓపిక కావాలి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పాదాలకు దాన్ని రాయకూడదు.