అచ్చు యంత్రం చిత్తుప్రతులు

వెల అంకె లేదు. దేశం పేరు లేదు. రాజు బొమ్మ కానీ, మహానాయకుడి ముఖం కానీ లేదు. ఆకుపచ్చ రంగులో అచ్చయిన చిన్న కాగితం ముక్క, నడుమ గుడ్డును తలపించే కోలాకారం, అంతే. అయినా అంచున తపాలా బిళ్ళకు ఉండే చిల్లులే ఉన్నాయి, వెనక తపాలా బిళ్ళకు పూసే జిగురే ఉంది. బ్రిటన్‌లో నాణెం వేస్తే స్టాంపు ఇచ్చే యంత్రాలను సరిచూడడానికి 1930ల్లో వాడిన ఈ బిళ్ళలకు సేకర్తలు ‘పోచ్‌డ్ ఎగ్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఇలాంటివి చాలా దేశాల్లో పుట్టాయి. కొన్ని అమ్మకపు యంత్రాల కోసం, కొన్ని కొత్తగా బిగించిన అచ్చు యంత్రాన్ని దారికి తేవడం కోసం, ఇంకొన్ని జిగురు, కాగితం, సిరా ఒకదానితో ఒకటి పొసుగుతాయో లేదో చూడడం కోసం. తపాలా బిళ్ళలు సేకరించేవారిలో ఎక్కువమంది వీటిని పక్కన పెట్టేస్తారు. ఉత్తరం మీదికి ఎక్కనిది బిళ్ళే కాదన్నది వాళ్ల మాట. స్టాంపు ఎలా తయారైందన్న చరిత్రలో పెద్ద భాగం ఈ పనికిరాని బిళ్ళల్లోనే ఉందని, వీటిని వదిలేసిన ఆల్బం ప్రయోగం రాయకుండా ఫలితం మాత్రం రాసిన ల్యాబ్ రికార్డు లాంటిదని నా వాదన.

ముందుగా, పరీక్షకు అసలు స్టాంపునే ఎందుకు వాడరు? విడుదలైన తపాలా బిళ్ళ డబ్బుతో సమానం. అచ్చయిన ప్రతి షీటుకూ లెక్క ఉండాలి, చిరిగినదానికీ అలుక్కుపోయినదానికీ కూడా. చెడిన షీట్లను లెక్కించి, సాక్షుల ఎదుట నాశనం చేయాలి. కొత్త యంత్రం బిగించిన మొదటి రోజుల్లో చుట్టలకు చుట్టలు కాగితం తుక్కవుతుంది. ఆ తుక్కు మీద వెల ఉంటే, యంత్రం సర్దే మెకానిక్ పక్కన ఒక కాపలాదారుణ్ణి కూడా నిలబెట్టాలి. అందుకే విలువలేని బొమ్మను ప్రత్యేకంగా చెక్కిస్తారు. బొమ్మ ఏదైనా ఫరవాలేదనుకుంటే మాత్రం పొరపాటు. నిండుగా రంగు పరిచిన జాగా ఉంటే సిరా అంతటా సమంగా దిగుతోందో లేదో తెలుస్తుంది. దగ్గర దగ్గరగా గీసిన వెంట్రుకవాసి గీతలుంటే అవి విడివిడిగా నిలుస్తున్నాయో, సిరా పొంగి కలిసిపోతున్నాయో తెలుస్తుంది. ఇక మనిషి ముఖం అన్నిటికంటే కఠినమైన పరీక్ష. పువ్వు బొమ్మలో ఒక రేకు కాస్త నల్లబడినా మన కన్ను పట్టించుకోదు. చెంప మీద రెండు గీతలు మందమైతే చాలు, ఆ మనిషికి జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. డి లా ర్యూ సంస్థ తన నమూనా బిళ్ళల మీద రోమన్ దేవత మినర్వా తలను వేసిందంటే, అందులో అలంకారం ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది.

పరీక్ష ముద్రణ స్టాంపుతో పాటే పుట్టింది. 1840 మే నెలలో బ్రిటన్ తెచ్చిన పెన్నీ బ్లాక్ ప్రపంచంలో మొదటి జిగురు తపాలా బిళ్ళ. నల్ల బిళ్ళ మీద ఎర్రసిరాతో మాల్టా శిలువ గుర్తు కొట్టి రద్దు చేసేవారు. చిక్కు ఇక్కడే వచ్చింది. బిళ్ళ మీది నలుపు గట్టిది, రద్దు ముద్ర ఎరుపు మెత్తనిది. ముద్రను కడిగేసి బిళ్ళను మళ్లీ అంటించవచ్చు. ఈ మోసానికి మందు వెతకడానికి అదే ఏడాది వేసిన ప్రయోగ ముద్రణలకు ‘రెయిన్‌బో’ పరీక్షలని పేరు. పెన్నీ బ్లాక్ బొమ్మనే వాడారు, కుడివైపు పై మూలను మాత్రం ఖాళీగా వదిలి, రకరకాల రంగుల్లో అచ్చువేసి, రద్దు ముద్రలు కొట్టి, కడిగి చూశారు. తేలిన జవాబు తిరగేసిన లెక్కలా ఉంది: బిళ్ళను కరిగే ఎర్రసిరాతో వేయాలి, రద్దు ముద్రను కరగని నల్లసిరాతో కొట్టాలి. అప్పుడు ముద్రను కడగబోతే బిళ్ళే ముందు చెడుతుంది. 1841లో పెన్నీ బ్లాక్ పోయి పెన్నీ రెడ్ రావడానికి కారణం ఇది. కొత్త సిరాలోని రసాయనం కాగితానికి నీలిచాయ తెచ్చింది, ఆ చాయ చాలా పెన్నీ రెడ్ బిళ్ళల్లో ఈనాటికీ కనిపిస్తుంది. నలుపు నుంచి ఎరుపుకు మధ్య జరిగిన ఆలోచనంతా ఆ ఖాళీ మూల బిళ్ళల్లో ఉంది. పెన్నీ బ్లాక్‌నూ పెన్నీ రెడ్‌నూ పక్కపక్కన అంటించి మధ్యలో వీటిని చూపకపోతే, రాణిగారికి నలుపు మీద మనసు మారిందనుకోవాలి.

చిల్లుల కథ ఇంకా ఆసక్తికరం. మొదట్లో బిళ్ళలను కత్తెరతో విడదీసేవారు. హెన్రీ ఆర్చర్ అనే ఆయన షీటులో వరుసలుగా చిల్లులు పొడిచే యంత్రం కోసం ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. అప్పట్లో పెర్కిన్స్ బేకన్ సంస్థ స్టాంపులను చెక్కుడు పలక పద్ధతిలో అచ్చువేసేది. అంటే గీతలు ఉక్కు పలకలో లోతుగా చెక్కి ఉంటాయి, సిరా ఆ గాళ్లలో నిలుస్తుంది, తడిపిన కాగితాన్ని గట్టిగా అదిమితే అది గాళ్లలోకి దిగి సిరాను పైకి తెస్తుంది. తడి కాగితం ఆరాక ముడుచుకుంటుంది. అన్ని షీట్లూ ఒకేలా ముడుచుకుంటే బాధ లేదు, కానీ ఒకటి కొంచెం, మరొకటి ఇంకొంచెం ముడుచుకునేది. చిల్లులు పొడిచే సూదుల మధ్య దూరమేమో మారదు. ఫలితంగా చిల్లులు బొమ్మ మీదికి ఎక్కేవి. అంటే చిల్లుల యంత్రాన్ని పరీక్షించడం నిజానికి కాగితాన్నీ అచ్చునూ కూడా పరీక్షించడమే. 1850 ప్రాంతంలో ఆర్చర్ ప్రిన్స్ ఆల్బర్ట్ తల బొమ్మతో వేయించిన ‘ప్రిన్స్ కన్సార్ట్’ నమూనాలను ఇలాగే చదవాలి. ఉబ్బెత్తు అచ్చుతో తక్కువ ఖర్చులో స్టాంపులు వేయవచ్చని చూపడానికి ఆయన అవి చేయించాడు. ఆ కాంట్రాక్టు ఆయనకు రాలేదు. చిల్లుల పేటెంటును మాత్రం ప్రభుత్వం 1853లో 4,000 పౌండ్లకు కొంది. మొదటి అధికారిక చిల్లులు 2 సెంటీమీటర్లకు 16. అవి మరీ దగ్గరగా ఉండి షీట్లు చేతిలోనే విడిపోతుంటే 1855లో వాటిని 14కు తగ్గించారు.

అమెరికాలో ఇదే పాఠం మరోసారి, మరింత ఖర్చుతో నేర్చుకోవలసి వచ్చింది. అక్కడ స్టాంపులను రిబ్బనులా చుట్టగా చుట్టి యంత్రాల్లో అమ్మడం, కవర్లకు యంత్రంతో అంటించడం 1900ల మొదటి దశకంలో మొదలైంది. 1908 నాటి చుట్టల్లో చిల్లులు 2 సెంటీమీటర్లకు 12. యంత్రం లాగేసరికి చుట్ట మధ్యలో తెగిపోయేది. 1910లో ఎనిమిదిన్నరకు తగ్గించారు. ఇప్పుడు చుట్ట గట్టిపడింది కానీ బిళ్ళను విడదీయడం కష్టమైంది. 1914లో 10 దగ్గర కుదిరింది, చుట్ట స్టాంపులకు ఆ లెక్కే తరువాత దశాబ్దాల పాటు నిలిచింది. మనిషి వేలికి తేలిగ్గా లొంగాలి, యంత్రం గుంజుడుకు లొంగకూడదు. ఈ రెండు బలాల మధ్య సన్నటి సందు ఎక్కడుందో కాగితం మీద లెక్కవేసి చెప్పడం కష్టం. కాగితం పీచు దిశ, గాలిలో తేమ, జిగురు మందం, అన్నీ దాన్ని జరుపుతాయి. అందుకే తరువాతి కాలంలో వెల లేని, కొన్నిసార్లు బొమ్మ కూడా లేని బిళ్ళలను చుట్టలుగా చేసి యంత్రాల్లో తిప్పి చూశారు. ఏమీ అచ్చు లేని ఆ తెల్లకాగితంలో చూడడానికి ఏముందని అడిగితే, చిల్లులున్నాయి, జిగురుంది, వెడల్పు ఉంది. యంత్రానికి కావలసింది ఆ మూడే.

చుట్టల గిరాకీ అచ్చు యంత్రాన్ని కూడా మార్చేసింది. వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో బెంజమిన్ స్టిక్‌నీ రూపొందించిన రోటరీ యంత్రం మీద 1914 నుంచి చుట్ట స్టాంపులు రాసాగాయి. చదును పలకను సిలిండరు చుట్టూ వంచితే దాని పైతలం సాగుతుంది, దానితో పాటు చెక్కిన బొమ్మా సాగుతుంది. చదును పలక మీద దాదాపు 19 మిల్లీమీటర్ల వెడల్పుండే బొమ్మ, వంచిన దిశను బట్టి ఇరవైకి దగ్గరవుతుంది, లేదా వెడల్పు అలాగే ఉండి పొడవు అర మిల్లీమీటరు పెరుగుతుంది. సేకర్తలు స్కేలు పట్టుకుని కొలిచే ఆ అర మిల్లీమీటరు లోహం వంగిన గుర్తు. ఇది అసలు స్టాంపుల్లోనే కనిపిస్తుంది కాబట్టి దీనికి పరీక్ష బిళ్ళలు అక్కర్లేదు కదా అనవచ్చు. నిజమే. కానీ కుదిరిన యంత్రం ఇచ్చిన ఫలితమే స్టాంపులో కనిపిస్తుంది. కుదరడానికి ముందు ఏం తప్పిందో అందులో ఉండదు, ఉండకుండా చూడడమే ఆ ముద్రణాలయం పని.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్రయోగాలను అసలు స్టాంపుల మీదే చేసిన సందర్భాలు కూడా చాలా ఉన్నాయి, వాటిని సేకరిస్తే చాలదా? 1957 నవంబరులో బ్రిటన్ సౌతాంప్టన్‌లో కొత్త యంత్రాల కోసం వెనకవైపు జిగురు కింద గ్రాఫైటు గీతలు వేసిన స్టాంపులు అమ్మింది. గ్రాఫైటు గుండా విద్యుత్తు పారుతుంది, దాన్ని బట్టి స్టాంపు ఏ మూలనుందో యంత్రం కనిపెట్టి ఉత్తరాన్ని సరైన వైపు తిప్పుతుంది. రెండేళ్లకే ముందువైపు ఫాస్ఫరు పట్టీలు వచ్చాయి. అమెరికాలో 1974 క్రిస్మస్‌కు పావురం బొమ్మతో తనంత తాను అంటుకునే స్టాంపు తెచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ దాని జిగురు కాగితంలోకి ఊరి మరకలు పడ్డాయి. ఇవన్నీ జనం చేతుల్లో జరిగిన పరీక్షలు, ఏ ఆల్బంలోనైనా ఉండదగినవి. అయితే జనం దాకా వచ్చిన ప్రయోగం అప్పటికే సగం గెలిచిన ప్రయోగం. అధికారులకు కొంత నమ్మకం కుదిరాకే అది విడుదలవుతుంది. అసలు కుదరని ఆలోచనలు ఏవో తెలియాలంటే పరీక్ష బిళ్ళల దగ్గరికే పోవాలి. పావురం బిళ్ళ మరక ఇంకో సంగతి కూడా చెబుతోంది: కొన్ని లోపాలు బయటపడడానికి ఏళ్లు పడుతుంది. పరీక్ష బిళ్ళలను దాచి ఉంచితే ఆ కాగితం, ఆ జిగురు ఎలా ముసలివయ్యాయో తరువాతి తరం చూడగలుగుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది, దాన్ని తోసిపుచ్చలేను. పరీక్ష బిళ్ళలు చాలావరకు పత్రాలు లేకుండా బయటికొచ్చాయి. ఏ యంత్రం మీద, ఏ రోజున, ఎన్ని వేశారో చాలాసార్లు తెలియదు. కొన్ని తుక్కుబుట్టలోంచి చేతులు మారి ఉంటాయి. బొమ్మలేని తెల్లబిళ్ళకు నకిలీ చేయడం కంటే సులువైన పని లేదు. అలాంటి వస్తువుకు డబ్బు పోయడం తెలివైన పనా? డబ్బు పెట్టుబడిగా చూస్తే, కాదనే చెబుతాను. కానీ ఆధారం లేని వస్తువు గురించి తెలుసుకునే దారి మూసుకుపోదు. చిల్లుల లెక్క తెలిసిన సూదులతో సరిపోతుందో లేదో చూడవచ్చు. అతినీలలోహిత దీపం కింద కాగితంలోని మెరుపు పదార్థం కనిపిస్తుంది, ఒక బిళ్ళను తెలిసిన కాలపు స్టాంపుతో పోల్చడానికి అది పనికొస్తుంది. జిగురు తుమ్మ బంకా, తరువాత వచ్చిన కృత్రిమ జిగురా అన్నది తేలితే ఏ కాలానికి ముందుది కాదో తేలుతుంది. అమెరికా స్టాంపుల స్కాట్ ప్రత్యేక కేటలాగు పరీక్ష బిళ్ళలకు విడిగా ఒక విభాగమే ఇచ్చిందంటే, ఈ పద్ధతుల మీద కొంత నమ్మకం ఏర్పడిందనే కదా.

మన దేశంలో ఈ సంగతికి ఉన్న ఉదాహరణ నాకు అన్నిటికంటే ఇష్టం. అఖిల భారత స్థాయిలో మొదటి స్టాంపుల కోసం కలకత్తా టంకశాలలో కర్నల్ ఫోర్బ్స్ సింహం, తాటిచెట్టు బొమ్మతో నమూనాలు చెక్కించాడు. బొమ్మ బాగానే ఉంది, అవసరమైనన్ని వేయడానికి టంకశాల యంత్రాలు చాలలేదు. పని సర్వే కార్యాలయంలోని కెప్టెన్ తుయిలియర్ చేతికి వచ్చింది. పటాలు వేసే రాతి అచ్చును ఆయన స్టాంపులకు మళ్లించాడు. రాతి మీద జిడ్డుతో దింపిన బొమ్మ జిడ్డు సిరాను పట్టుకుంటుంది, తడిపిన మిగతా రాయి సిరాను తోసేస్తుంది. మొదట అర్ధణా బిళ్ళను ఇంగిలీకపు ఎరుపులో వేశారు. ఇంగ్లండు నుంచి వచ్చిన సిరా అయిపోయింది, దానికి బదులు వాడిన స్థానికమైనది రాతి మీది బొమ్మనే తినేసింది. ఆ ఎర్ర అర్ధణా విడుదల కాలేదు, అర్ధణా నీలమైంది. 1854లో దేశమంతా వాడుకలోకి వచ్చినవి ఆ రాతి అచ్చు బిళ్ళలే. ఆ ఏటి నాలుగణాల స్టాంపులో తల తలకిందులుగా పడ్డ ప్రతులు లోకమంతా తెలుసు, అవి కనిపిస్తే వేలం గదులు నిండుతాయి. రెండు రంగులను రెండు విడతలుగా వేసేటప్పుడు ఒక షీటు తిరగబడడం వల్ల వచ్చిన పొరపాటు అది, అంతకుమించి అందులో ఏమీ లేదు. ఒక దేశం తపాలా బిళ్ళ రంగు ఎలా తేలిందో, టంకశాల వదిలిన పనిని పటాల కార్యాలయం ఎలా అందుకుందో చెప్పేవి సింహం-తాటిచెట్టు నమూనాలు, ఆ ఎర్ర అర్ధణాలు.

నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్ 1926 నుంచి తపాలా బిళ్ళలు వేస్తోంది. 1952లో కబీరు, మీరా, గాలిబ్, టాగోరు మొదలైన వారి బొమ్మలతో ఫోటోగ్రేవ్యూరు స్టాంపులు తెచ్చింది. హైదరాబాదులోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్‌లోనూ స్టాంపులు అచ్చవుతున్నాయి. ఇంత పని జరిగే చోట ప్రతి కొత్త యంత్రానికీ, ప్రతి కొత్త కాగితానికీ, ప్రతి కొత్త జిగురుకూ పరీక్ష ముద్రణ తప్పదు. భద్రత కోసం తుక్కును నాశనం చేయాల్సిందే, ఆ నియమాన్ని సడలించమనడం సరికాదు. ప్రతి పరీక్ష నుంచీ రద్దు గుర్తు కొట్టిన ఒక్క షీటును తేదీ, యంత్రం పేరు, కాగితం వివరం రాసి ఢిల్లీలోని జాతీయ ఫిలాటెలిక్ మ్యూజియానికి పంపితే భద్రతకు భంగం లేదు. ఇంట్లో దాచేవారు కూడా ఆ పద్ధతినే పాటించవచ్చు. బిళ్ళ వెనక జిగురు కాగితపు తునక అంటించకుండా పారదర్శకమైన జేబులో పెట్టాలి, ఎందుకంటే పరీక్షించింది జిగురునే అయి ఉండవచ్చు. చుట్ట బిళ్ళలను విడదీయకుండా పట్టీగానే ఉంచాలి. పక్కన కొన్న ధర రాసే చోట చిల్లుల లెక్క, మిల్లీమీటర్లలో కొలతలు, దీపం కింద కనిపించిన రంగు రాయాలి. అదే పేజీలో, ఆ పరీక్ష తరువాత అదే యంత్రం మీద వచ్చిన అసలు స్టాంపు ఉండాలి.