811 లెక్కలో డాక్టరే, మరి ఆసుపత్రిలో?

దేశంలో ప్రతి 811 మందికి ఒక డాక్టరు ఉన్నారని కేంద్ర ఆరోగ్య శాఖ పార్లమెంటుకు చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో తరచూ వినిపించే ప్రమాణం వెయ్యి మందికి ఒకరు. ఆ లెక్కన మనం గట్టెక్కినట్టే. ఎర్రగడ్డలోని బీఆర్‌కేఆర్ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, వరంగల్‌లోని అనంతలక్ష్మి కళాశాల, విజయవాడలోని నోరి రామశాస్త్రి కళాశాల, తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆయుర్వేద కళాశాలల నుంచి పట్టా పుచ్చుకుని రిజిస్టర్ చేయించుకునే ప్రతి విద్యార్థీ ఈ లెక్కలో ఒక అంకె అవుతారు. లెక్కలో చోటు ఖాయమే. ఆసుపత్రిలో వాళ్ల చోటు ఏమిటన్నదే ఇంకా తేలలేదు.

811 ఎలా వచ్చింది?

నమోదైన అల్లోపతి డాక్టర్లు 13.86 లక్షల మంది. ఆయుర్వేదం, హోమియోపతి, యునాని, సిద్ధ తదితర ఆయుష్ వైద్యులు 7.51 లక్షల మంది. రెండు వర్గాల్లోనూ 80 శాతం మంది ప్రాక్టీసులో ఉంటారని ప్రభుత్వం అనుకుంటుంది. అల్లోపతి నుంచి సుమారు 11.09 లక్షలు, ఆయుష్ నుంచి 6.01 లక్షలు, మొత్తం 17.1 లక్షలు. జనాభాను దీంతో భాగిస్తే 811 వస్తుంది.

ఇప్పుడు అదే జనాభాను అల్లోపతి డాక్టర్ల సంఖ్యతో మాత్రమే భాగించి చూడండి. సుమారు 1,250 మందికి ఒక డాక్టరు తేలతారు. వెయ్యి గీత దాటామా లేదా అన్నది పూర్తిగా ఆయుష్ వైద్యులను కలుపుకోవడం మీదే ఆధారపడి ఉంది. పైగా 80 శాతం అనేది ఒక అంచనా. ఎవరూ క్లినిక్ క్లినిక్‌కూ తిరిగి తలలు లెక్కపెట్టి తేల్చింది కాదు.

66 నెలల చదువు

ఆయుర్వేద డిగ్రీ అయిన బీఏఎంఎస్‌లో చేరాలంటే ఎంబీబీఎస్‌కు లాగే నీట్ రాయాలి. అర్హతకు జనరల్ విద్యార్థికి 50 పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు 40 పర్సంటైల్ కావాలి. 2022 నిబంధనల ప్రకారం చదువు మూడు దశలు, ఒక్కొక్కటి 18 నెలలు. అంటే 54 నెలలు. దానికి 12 నెలల ఇంటర్న్‌షిప్ కలిపితే 66, అంటే అయిదున్నరేళ్లు. ఎంబీబీఎస్ పట్టాకు పట్టే కాలమూ అంతే.

మొదటి దశలో సంస్కృతం, పదార్థ విజ్ఞానం, రచనా శారీరం, క్రియా శారీరం, సంహితల అధ్యయనం ఉంటాయి. రచనా శారీరం అంటే శరీర నిర్మాణం. శవపరిచ్ఛేదం అందులో భాగమే. క్రియా శారీరంలో దోషాలు, ధాతువులతో పాటు ఆధునిక ఫిజియాలజీ కూడా చదవాలి. ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు కళాశాల ఆసుపత్రిలోనూ, మిగతా ఆరు నెలలు పీహెచ్‌సీ, సీహెచ్‌సీ, జిల్లా ఆసుపత్రి లాంటి చోట్లా చేసే వీలుంది. ఆ దారిలో వెళ్లినవారు రెండో ఆరు నెలల్లో చూసేది ఎక్కువగా అల్లోపతి వైద్యాన్నే.

ఇంటర్న్‌షిప్ తర్వాత ఇంకో గడప ఉంది. జాతీయ భారతీయ వైద్య విధాన కమిషన్ చట్టం 2020లో వచ్చింది. ప్రాక్టీసు లైసెన్సుకు నేషనల్ ఎగ్జిట్ టెస్ట్ పాసవ్వాలన్నది అందులోని నిబంధన. 2021–22లో చేరిన బ్యాచ్ నుంచి ఇది వర్తిస్తుందని ఆయుష్ శాఖ ప్రకటించింది. పీజీ చేయాలనుకుంటే ఏఐఏపీజీఈటీ రాయాలి: 120 ప్రశ్నలు, 480 మార్కులు. సీటు వస్తే మరో మూడేళ్లు.

95, 46: రెండు సర్వేలు

బయటికొచ్చిన డాక్టరు దగ్గరికి రోగులు వస్తారా? 2017–18 జాతీయ నమూనా సర్వేలో జబ్బుపడ్డ సందర్భాల్లో దాదాపు 95 శాతానికి అల్లోపతి వైద్యమే చేయించుకున్నారని తేలింది. 2022–23 సర్వే మాత్రం గ్రామాల్లో సుమారు 46 శాతం, పట్టణాల్లో 53 శాతం మంది గత ఏడాదిలో ఆయుష్‌ను వాడారని చెప్పింది.

రెండూ నిజమే, ఎందుకంటే అడిగిన ప్రశ్నలు వేరు. మొదటిది జబ్బు చేస్తే ఏ వైద్యం చేయించుకున్నారని అడిగింది. రెండోది నివారణకో, చికిత్సకో ఏడాదిలో ఎప్పుడైనా వాడారా అని అడిగింది. ఇంట్లో త్రిఫల చూర్ణం డబ్బా ఉండటం వేరు, జ్వరమొస్తే ఆయుర్వేద డాక్టరు దగ్గరికి పోవడం వేరు. కొత్త డాక్టరు సంపాదన తొలి ప్రశ్నకు వచ్చిన జవాబు మీదే ఆధారపడుతుంది.

ఏ మందు రాయవచ్చు?

రోగి అల్లోపతి మందు అడిగితే బీఏఎంఎస్ డాక్టరు రాయవచ్చా? దీనికి దేశమంతటికీ ఒకే జవాబు లేదు. 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లోని 2(ఈఈ) ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తేనే వీలవుతుంది. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే స్పష్టం చేసింది. మహారాష్ట్ర అనుమతించింది. ఒక రాష్ట్రంలో చట్టబద్ధమైన చీటీ, సరిహద్దు దాటితే కేసు కావచ్చు.

శస్త్రచికిత్సల విషయంలో మరో అపోహ ఉంది. 2020 నవంబరు గెజిట్‌లో 58 శస్త్రచికిత్సలను పేర్కొన్నారు: శల్య (సాధారణ శస్త్రచికిత్స) విభాగంలో 39, కన్ను, చెవి, ముక్కు, గొంతు, పంటికి సంబంధించిన శాలాక్యంలో 19. దీనిపై అల్లోపతి డాక్టర్ల సంఘం ఐఎంఏ డిసెంబరు 11న దేశవ్యాప్తంగా అత్యవసరం కాని సేవలు ఆపింది. కానీ ఆ జాబితా ఆయా విభాగాల్లో ఎంఎస్ చేసే పీజీలకు ఉద్దేశించింది. బీఏఎంఎస్‌తో ఆపేసినవారికి అది వర్తించదు.

జీతం, పదవీ విరమణ: కోర్టు మాట

2021 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఉత్తర ఢిల్లీ నగర పాలక సంస్థ కేసులో, ఆయుష్ డాక్టర్లకు కూడా అల్లోపతి డాక్టర్లలాగే 65 ఏళ్ల పదవీ విరమణ వయసు ఉండాలంది. 2023 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో ఆయుర్వేద డాక్టర్లకు ఎంబీబీఎస్ డాక్టర్లతో సమాన వేతనం దక్కదంది. అత్యవసర వైద్యం, ప్రమాద బాధితులకు చికిత్స వాళ్లు చేయలేరన్నది చూపిన కారణాల్లో ఒకటి. తీర్పులు ఇలా రెండు వైపులకూ లాగుతుంటే, 2025 అక్టోబరులో పదవీ విరమణ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపారు.

నేల మీద పద్ధతి మరోలా ఉంది. తెలంగాణ 2022లో పల్లె దవాఖానాలకు మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లను తీసుకున్నప్పుడు ఎంబీబీఎస్‌కూ బీఏఎంఎస్‌కూ ఒకటే గౌరవ వేతనం పెట్టింది: నెలకు 40 వేలు. స్టాఫ్ నర్సులకు 29,900. కేంద్రం పథకంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు కావడానికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు దారి కూడా బీఏఎంఎస్‌కు ఉంది.

వందేళ్ల పాత తకరారు

1925లో మద్రాసులో స్కూల్ ఆఫ్ ఇండియన్ మెడిసిన్ మొదలైంది. దేశీ వైద్యాన్నీ అల్లోపతినీ కలిపి చెప్పాలన్నది ఆలోచన. కలిపి చెప్పడం మొదలెట్టిన ఆ సంస్థే చివరికి 1960లో కిల్‌పాక్ మెడికల్ కాలేజీ అయి, ఎంబీబీఎస్ వైపు వెళ్లిపోయింది. 2025లో పుదుచ్చేరి జిప్‌మర్‌లో ఎంబీబీఎస్, బీఏఎంఎస్ కలిపిన కోర్సు ప్రతిపాదన రాగానే ఐఎంఏ మళ్లీ అడ్డు చెప్పింది.

పట్టా పుచ్చుకునే విద్యార్థి ముందుగా తేల్చుకోవాల్సినవి మూడు: తన బ్యాచ్‌కు ఎగ్జిట్ టెస్ట్ ఉందా, తన రాష్ట్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కిందా, ఆ రాష్ట్రం ఏ మందులకు అనుమతిస్తోంది. రోగి అయితే చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు, డిగ్రీ చూడాలి. ప్రభుత్వం తేల్చాల్సింది ఒక్కటే: 7.51 లక్షల మందిని డాక్టర్ల లెక్కలో వేసుకున్నప్పుడు, వాళ్లలో ఎందరు నిజంగా వైద్యం చేస్తున్నారో, ఎక్కడ, ఏ జబ్బులకు చేస్తున్నారో కూడా లెక్కించి చెప్పాలి. అది చెప్పేదాకా 811ని 1,250తో కలిపే చదువుకోవాలి.