పట్టిక ఇచ్చిన తీర్పు: 2016-17 ఐ-లీగు సీజను

సోమవారం ఉదయం మా కళాశాల వరండాలో విద్యార్థులు గుంపుగా చేరి గొంతులు పెంచి వాదించుకొంటున్నారంటే ఆ వాదం పాఠ్యాంశాలను గురించినది కాదని మేము అనుభవం మీద గ్రహించియున్నాము. అది సాధారణంగా ఇంగ్లండు లీగును గురించినదై ఉంటుంది. ఎవరు ఎన్ని గోలులు చేసినారు, ఏ శిక్షకుని ఉద్యోగం ఊడినది, ఏ ఆటగాని వెల ఎంత పలికినది - ఇవన్నీ వారికి కంఠోపాఠం. మాంచెస్టరు నగరంలోని రెండు క్లబ్బుల చరిత్రను పూసగుచ్చినట్లు చెప్పగల ఆ యువకులను, దేశపటంలో ఐజ్వాల్ ఎక్కడ ఉన్నదో చూపుమని ఒకనాడు మేము అడిగినాము. కొంతసేపు మౌనం రాజ్యమేలినది. చివరకు ఒక విద్యార్థి మాత్రం మా ప్రశ్నను ప్రక్కకు నెట్టి ఎదురు ప్రశ్న వేసినాడు: "సార్, కప్పు గెలిచిన జట్టు గొప్పదా, లీగు గెలిచిన జట్టు గొప్పదా?"

ఆ ప్రశ్నకు సమాధానం ఐజ్వాల్‌లోనే ఉన్నది. తెలుగు బోధించువారికి బంతాటతో ఏమి పని అని సహోద్యోగులు నవ్వవచ్చును. అయినను ఆ కథ చెప్పదగినదని మేము భావిస్తున్నాము.

ముందు కప్పుకు, లీగుకు గల భేదం తెలిసికొనవలె. కప్పు పోటీలో ఓడిన జట్టు ఇంటిదారి పడుతుంది. నాలుగైదు మ్యాచులు మంచి ఊపులో ఆడిన జట్టు విజేత కావచ్చును. మన హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవమంతా ఈ కప్పుల కాలానికి చెందినదే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని నగరంలోని పెద్దలు నేటికీ "రహీం సాబ్" అనియే తలచుకొంటారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచినది. కాని రహీం సాబ్ జీవితకాలంలో ఈ దేశానికి జాతీయ లీగు అనునది లేదు. అది 1996 డిసెంబరులో గాని ఆరంభం కాలేదు. మొదటి విజేత పంజాబుకు చెందిన జె.సి.టి. జట్టు. 2007లో ఆ పోటీకే ఐ-లీగు అని కొత్త పేరు వచ్చినది.

లీగులో ఓడిన జట్టు ఇంటికి పోదు. మరుసటి వారం మరల ఆడవలె. ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతోను రెండు పర్యాయములు, ఒకమారు సొంత మైదానంలో, ఒకమారు ఎదుటివారి మైదానంలో తలపడుతుంది. గెలుపునకు మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓటమికి సున్న. 2016-17లో పది జట్లు ఉన్నవి గనుక ఒక్కొక్క జట్టుకు పద్దెనిమిది మ్యాచులు, మొత్తం తొంబది. ఎండ, వాన, రైలు ప్రయాణం, గాయాలు, జ్వరాలు అన్నియు ఈ పద్దెనిమిదింటిలో కలిసివస్తవి. అదృష్టం ఒకటి రెండు దినాలు తోడు రావచ్చును గాని నాలుగు నెలలు వెంట నడవదు. సీజను చివర పట్టికలో అగ్రస్థానంలో ఉన్నవారే విజేతలు. ఫైనలు లేదు. అడుగున ఉన్నవారు క్రింది డివిజనుకు దిగిపోవలె; క్రింది డివిజనులో గెలిచినవారు పైకి రావలె. ఈ ఎక్కుట, దిగుట అను రెండును లీగునకు ప్రాణమని మా అభిప్రాయం. ఎందులకో ఈ కథ చివర తెలుస్తుంది.

ఐజ్వాల్ ఫుట్‌బాల్ క్లబ్బు 1984లో స్థాపితమైనది. 2015లో రెండవ డివిజను గెలిచి ఐ-లీగులో అడుగుపెట్టినది. మొదటి ఏట, అనగా 2015-16లో, తొమ్మిది జట్లలో ఎనిమిదవ స్థానంలో నిలిచినది. తొమ్మిదవ స్థానంలో ఉన్నది పుణేకు చెందిన డి.ఎస్.కె. శివాజియన్స్. న్యాయంగా దిగిపోవలసినది వారు. కాని ఆ జట్టు వాణిజ్య సంస్థల కోటాలో నేరుగా ప్రవేశించినది గనుక వారిని దించరాదని నియమం ఉన్నది. కనుక అడుగున ఉన్నవారు నిలిచినారు, వారిపైన ఉన్న ఐజ్వాల్ దిగిపోయినది! అదే సంవత్సరం మే నెలలో ఈ జట్టు ఫెడరేషన్ కప్పు ఫైనలు వరకు వెళ్లినదని, గౌహతిలో మోహన్ బగాన్ చేతిలో 5-0 తేడాతో ఓడినదని గుర్తుంచుకొనవలె. కప్పులో ఫైనలు, లీగులో పతనం. మా విద్యార్థి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడనే దొరుకుతుంది.

ఆ తరువాత జరిగినది ఎవరూ ఊహించనిది. ఐ-లీగు స్థానంలో ఇండియన్ సూపర్ లీగును దేశపు ప్రథమశ్రేణి పోటీగా చేయవలెనని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2016లో ఒక ప్రణాళికను ముందుంచినది. సూపర్ లీగు 2014లో ఆరంభమైన కొత్త పోటీ. అందులో ప్రవేశం ఆటలో గెలిచి పొందునది కాదు, రుసుము చెల్లించి పొందునది. ఈ ప్రణాళికను నిరసించి గోవాకు చెందిన సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్బులు ఐ-లీగు నుండి తప్పుకొన్నవి; రెండవ డివిజను గెలిచి పైకి రావలసిన డెంపో కూడ తప్పుకొన్నది. ఖాళీలు ఏర్పడినవి. దిగిపోయిన ఐజ్వాల్‌ను మరల పిలిచినారు. అనగా 2016-17 సీజనులో ఆ జట్టు ఆడుటయే ఇతరుల అలుక వలన కలిగిన అవకాశం.

మిజోరం జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 11 లక్షలు. మన హైదరాబాదులోని కొన్ని పేటలను కలిపితే ఆ రాష్ట్రం నిండిపోతుంది. రాజధాని ఐజ్వాల్ కొండ శిఖరం వెంబడి కట్టిన పట్టణం. బంతి ఆడుటకు చదునైన నేల దొరకుటయే కష్టం. అయినను అక్కడ ఫుట్‌బాల్ ఇంటింటి ముచ్చట. 2012లో మిజోరం ప్రీమియర్ లీగు అను పేర రాష్ట్రస్థాయి పోటీ ఏర్పడినది. స్థానిక కేబుల్ టెలివిజను వారు దానిని ఇంటింటికి చేర్చినారు. రెండేండ్లు తిరుగక ముందే, 2014లో, మిజోరం సంతోష్ ట్రోఫీని గెలిచినది. ఐజ్వాల్ విజయాన్ని అద్భుతమని పత్రికలు వ్రాసినవి. అద్భుతం అనుట సులువు. ఆ అద్భుతానికి ముందు ప్రతివారం క్రమం తప్పక జరిగిన ఒక చిన్న లీగు ఉన్నదన్న మాట వ్రాసినవారు తక్కువ.

శిక్షకుడు ఖాలిద్ జమీల్. కువైట్‌లో జన్మించి, ముంబయిలో ఆడి, ముంబయి ఎఫ్.సి. అను జట్టుకు ఏడేండ్ల పాటు శిక్షకుడుగా ఉన్నవారు. 2016లో ఆ క్లబ్బుతో ఆయన సంబంధం తెగినది. మితభాషి, విలేకరుల ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలకు మించి జవాబు చెప్పరు. ఆయన తనతో ముంబయిలో పనిచేసిన ఆశుతోష్ మెహతా, జయేష్ రాణేలను జట్టులోనికి తీసికొన్నారు. గోలు కాచుటకు గోవా యువకుడు అల్బినో గోమ్స్. మధ్యభాగంలో సిరియా దేశస్థుడు మహమూద్ అల్ అమ్నా, లైబీరియాకు చెందిన ఆల్ఫ్రెడ్ జర్యాన్. ముందువరుసలో ఐవరీ కోస్టుకు చెందిన కామో బాయి. మిగిలిన జట్టులో అధికభాగం స్థానిక మిజో యువకులే. సొంత దేశం యుద్ధంలో ఉండగా ఒక సిరియనుడు మన ఈశాన్యపు కొండలపై ఆటను నడిపించుట మాకు మరపురాని విషయం.

లీగు 2017 జనవరి 7న ఆరంభమై ఏప్రిల్ 30న ముగిసినది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు జట్లలో ఎవరో ఒకరు గెలుస్తారని అందరూ అనుకొన్నారు. ఐజ్వాల్ దిగిపోకుండా నిలిస్తే చాలునన్నది సామాన్యాభిప్రాయం. కొండపైనున్న సొంత మైదానానికి వచ్చిన జట్లు తిరిగి వెళ్లునప్పుడు గాని ఆ అభిప్రాయం మార్చుకొనలేదు. మధ్య మ్యాచుల వివరాలలోనికి మేము పోవుట లేదు. ఏప్రిల్ 22 నాటికి పదహారు మ్యాచులు ముగిసి, మోహన్ బగాన్‌కు 33 పాయింట్లు, ఐజ్వాల్‌కు 33 పాయింట్లు. ఆనాడు ఆ రెండు జట్లకే ఐజ్వాల్‌లో పోటీ. ఫైనలు లేని లీగులో ఇట్టి దినం అరుదుగా వస్తుంది.

ఎనుబది నిమిషాలు దాటినను గోలు లేదు. 83వ నిమిషంలో స్థానిక డిఫెండరు జోహ్మింగ్లియానా రాల్తే తలతో కొట్టిన బంతి వలలో పడినది. 1-0. పదకొండు మాసాల క్రితం ఐదు గోలులతో తమను ఓడించిన జట్టుకు ఇది జవాబు.

ఏప్రిల్ 30న చివరి మ్యాచు షిల్లాంగులో. ఎదుటిది పొరుగు జట్టు షిల్లాంగ్ లాజోంగ్. ఐజ్వాల్‌కు ఒక్క పాయింటు చాలు. అదే సమయమున కలకత్తాలో మోహన్ బగాన్ చెన్నై సిటీతో ఆడుతున్నది. కొండదారుల వెంట గంటల కొలది ప్రయాణించి వచ్చిన ఐజ్వాల్ అభిమానులు మైదానంలో కూర్చొని ఉండగా తొమ్మిదవ నిమిషంలోనే లాజోంగ్ ఆటగాడు డిపాండా డికా గోలు చేసినాడు. ఈ కామెరూన్ దేశస్థుడే 11 గోలులతో ఆ సీజనులో అందరికంటె మిన్న. అక్కడ కలకత్తాలో మోహన్ బగాన్ గెలిచినది కూడ. ఇక్కడ 67వ నిమిషం వరకు ఐజ్వాల్ వెనుకబడియే ఉన్నది. అప్పుడు విలియం లాల్నున్‌ఫెలా గోలు చేసి సమానం చేసినాడు. తరువాతి ఇరువది మూడు నిమిషాలు ఆ జట్టు ఆటగాళ్లకు ఎంత దీర్ఘంగా తోచినవో చెప్పుట మా కలమునకు సాధ్యం కాదు. 1-1తో ఆట ముగిసినది. ఐజ్వాల్ 37, మోహన్ బగాన్ 36, ఈస్ట్ బెంగాల్ 33. ఈశాన్య భారతం నుండి జాతీయ లీగు గెలిచిన మొదటి జట్టు అది. పట్టికలో అట్టడుగున నిలిచినది ముంబయి ఎఫ్.సి., అనగా జమీల్ విడిచివచ్చిన జట్టే!

ఇక్కడ గణితశాస్త్ర విద్యార్థులకు ఒక చిన్న లెక్క. ఐజ్వాల్ 11 గెలిచి, 4 సమానం చేసి, 3 ఓడినది. మోహన్ బగాన్ 10 గెలిచి, 6 సమానం చేసి, 2 మాత్రమే ఓడినది. తక్కువ ఓడిన జట్టు రెండవ స్థానంలో నిలిచినదన్న మాట. పూర్వం గెలుపునకు రెండే పాయింట్లు ఇచ్చేవారు. ఆ పద్ధతిలో లెక్కించి చూడండి: ఐజ్వాల్‌కు 26, మోహన్ బగాన్‌కును 26. గెలుపునకు మూడు పాయింట్లు అను నియమం ఓడిపోకుండా కాచుకొనువానికంటె గెలుపుకోసం తెగించువానికి ఎక్కువ ఫలితం ఇస్తుంది. నియమం ముందుగానే అందరికి తెలుసు. ఆడినవారు దానిని ఎరిగియే ఆడినారు. కనుక ఆ ఒక్క పాయింటులో అన్యాయం లేదు.

అన్యాయం ఉన్నదల్లా తరువాతనే. దేశ విజేత అయిన జట్టు మరుసటి సంవత్సరం దేశంలోని ముఖ్య లీగులో ఆడవలెనని ఎవరైనను అనుకొంటారు. 2017-18లో సూపర్ లీగును విస్తరించి రెండు కొత్త జట్లను చేర్చుకొన్నారు. ఒకటి బెంగళూరు, ఐ-లీగు పట్టికలో నాలుగవది. రెండవది జంషెడ్‌పూర్, అంతకు ముందు ఒక్క లీగు మ్యాచు కూడ ఆడని కొత్త క్లబ్బు. మొదటి స్థానంలో నిలిచిన ఐజ్వాల్‌కు పిలుపు లేదు. తమకు స్థానం ఇవ్వవలెనని క్లబ్బు వారు కోరినారు, నిరసనకు సిద్ధమని ప్రకటించినారు. ఫలితం లేకపోయినది. పద్దెనిమిది మ్యాచుల తీర్పును టెండరు కాగితం కొట్టివేసినది. డబ్బు లేనిదే క్లబ్బు నడవదని, ప్రసారాలు రావని, మైదానాలు బాగుపడవని సమాఖ్య పక్షాన చెప్పు వాదం మేము ఎరుగుదుము. అందులో కొంత నిజం కూడ ఉన్నది. కాని రుసుము ఎంత పెద్దదైనను అది ఆటలో వచ్చిన స్థానానికి బదులు కాజాలదు.

విజేతల జట్టు చెదిరిపోయినది. జమీల్, అల్ అమ్నా ఈస్ట్ బెంగాల్‌కు, కామో మోహన్ బగాన్‌కు వెళ్లిపోయినారు. విచిత్రమేమనగా తరువాతి రెండేండ్లును ఐ-లీగును చిన్న క్లబ్బులే గెలిచినవి: 2018లో మినర్వా పంజాబ్, 2019లో చెన్నై సిటీ. ఆ పిమ్మట సూపర్ లీగు ప్రథమశ్రేణి అయినది, ఐ-లీగు రెండవ శ్రేణికి దిగినది. ఆటలో గెలిచి పైకి ఎక్కు మార్గం తెరచుకొనుటకు 2023 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ ఏడు పంజాబ్, 2024లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ ఆ మార్గాన పైకి వెళ్లినవి. ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టులో భారత జాతీయ జట్టు శిక్షకుడుగా నియమితులైనారు. రహీం సాబ్ కూర్చొన్న స్థానమది.

మన నగరం మాట కూడ చెప్పవలె. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు సూపర్ లీగులో ప్రవేశించి, 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనలులో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి విజేత అయినది. ఆనాడు మా విద్యార్థులు మిఠాయి పంచినారు, మేమును తిన్నాము. 2025లో ఆ క్లబ్బు చేతులు మారి, ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడ మార్చుకొన్నది.

వరండాలో ప్రశ్న అడిగిన విద్యార్థికి ఇదంతా చెప్పినప్పుడు అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే సార్, ఇప్పుడు మన జట్టు ఏది?" అని అడిగినాడు. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది. గంట మ్రోగినది, తరగతిలోనికి వెళ్లినాము.